నీలం రంగు రాని ఉప్పు

కడుపుతో ఉన్నప్పుడు నా మెడ గురించి నోరు జారినవాళ్ళు ఒక్కొక్కరూ నాకు గుర్తున్నారు. మొదటివారు మావారే. తొంభైల చివరి రోజులవి. ఆయనకి స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం, కాలనీలో క్వార్టర్, మాతోపాటు గోదావరి జిల్లా నుంచి వచ్చిన అత్తగారు. నాలుగో నెలలో నా గొంతు కింద చిన్న ఉబ్బు కనిపిస్తే, "అరిచి అరిచి వాచింది" అని నవ్వారాయన.

రెండోవారు డాక్టరమ్మ. రక్తం పరీక్ష చేయించి, ఇప్పటికి భయం లేదంది. "కానీ ఒంట్లో అయోడిన్ తగ్గినట్టుంది. కడుపులో బిడ్డ మెదడు ఎదగాలంటే అది ఉండాలి. అయోడిన్ ఉప్పే వాడుతున్నారా?"

"వాడుతున్నామండి."

"నిజంగానా?"

ఆ 'నిజంగానా' నా ఒంట్లో ఇంకా మండుతూనే ఉంది. ప్రతి నెలా పూర్ణా మార్కెట్లో సరుకులతోపాటు అయోడిన్ అని రాసి ఉన్న రాళ్ళ ఉప్పు ప్యాకెట్లు మోసుకొచ్చేది నేనే. ఆమె మాత్రం ఒక చిన్న చుక్కల మందు సీసా నా చేతిలో పెట్టింది. ఉప్పు మీద చుక్క వేస్తే నీలంగా మారాలట. మారకపోతే అయోడిన్ లేనట్టే. మనిషికి జన్మంతటికీ కావలసిన అయోడిన్ ఒక చెంచాలో పట్టేస్తుందట, కానీ అది రోజూ కొంచెం కొంచెంగా అందుతూ ఉండాలట. అంత తక్కువ దాని కోసం ఇంత పరీక్షా అని గొణుక్కుంటూ ఇంటికొచ్చాను.

వంటింట్లో జాడీలోంచి ఉప్పు తీసి చుక్క వేశాను. తెల్లగానే ఉంది. ఇంకో చుక్క వేశాను. అయినా తెలుపే! నా చెయ్యి పొట్ట మీదకి పోయింది. మరుక్షణం కోపం తన్నుకొచ్చింది. నా బిడ్డకి అందాల్సింది ఆ కొట్టువాడు కాజేశాడన్నమాట! జాడీలో ఉప్పు పొట్లం కట్టుకుని, సీసా సంచిలో వేసుకుని, దొరికిన బస్సెక్కేశాను.

"ఇది అయోడిన్ ఉప్పేనా? మోసం చేస్తారా?" అని కొట్టు ముందు నిలబడి అడిగాను. జనం మూగారు.

"ఏటమ్మా, బేరం ఏలప్పుడు ఈ గోలేటి?" అన్నాడు కొట్టాయన. "మీరు పట్టికెల్లే సరుకే ఇది. నాను కొత్త ప్యాకెట్ ఇప్పుతాను. ఎయ్యండి మీ మందు."

అతను నాలుగు రాళ్ళు నలిపి కాగితం మీద పోశాడు. నేను చుక్క వేశాను. ముదురు నీలం! నా పొట్లం మీద వేశాను. తెలుపు. ఒకే రకం ప్యాకెట్, ఒకే కంపెనీ.

"సూశారా? మా కాడ బాగానే ఉంది. మీ ఇంట్లోనే ఏ దెయ్యమో నాకేత్తంది. సూసుకోండమ్మా!"

కొట్టంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో చెప్పమంటే ఇప్పటికీ చెప్పగలను. కానీ బస్సులో కూర్చున్నాక సిగ్గు కంటే ఆత్రం ఎక్కువైపోయింది. కొట్లో ఉన్న అయోడిన్ మా జాడీకి వచ్చేసరికి ఎక్కడికి పోతోంది?

జవాబు మా డాబా మీద ఆరబెట్టి ఉంది. అత్తగారు పాత నేత చీర పరిచి, బక్కెట్లో కడిగిన ఉప్పు దాని మీద పలచగా ఆరబోస్తున్నారు. వాళ్ళ ఊళ్ళో ఉప్పు మళ్ళ నుంచి బండ్ల మీద మట్టితో వచ్చేది, కడగకుండా ఎవరూ ఇంట్లోకి రానిచ్చేవారు కాదు. ప్యాకెట్ ఉప్పు వచ్చినా ఆవిడ కడగడం మానలేదు. ఎప్పుడూ చూసేదే, నాకే తట్టలేదు.

పరుగున కిందికెళ్ళి కొత్త ప్యాకెట్ చింపుకొచ్చాను. చుక్క వేస్తే నీలం. ఆవిడ ఆరబెట్టినదాని మీద వేస్తే తెలుపు. "దొరికింది అత్తయ్యగారూ! దొరికింది!" అని గంతేసినంత పని చేశాను.

ఆవిడ నీలం వైపు భయంగా చూశారు. "చూశావా, అందులో ఏదో రంగు మందు కలిపారు! కడిగితే పోయింది. నేను కడగబట్టే అందరూ బతికి ఉన్నారు."

"పోయింది అయోడిన్ అండీ! బిడ్డ మెదడుకి కావాల్సింది అదే. కొట్టాయన మన ఇంట్లో దెయ్యం ఉందన్నాడు తెలుసా?"

"దెయ్యమా? కడిగిన ఉప్పు తినే నీ మొగుణ్ణి కన్నానే. వాడికి మెదడు లేదా?"

మావారు మెట్ల మీదే ఉన్నారు. నేను చింపిన ప్యాకెట్ తీసుకుని కిందికి దిగిపోయాను.

ఆ రాత్రి నుంచి నా కూర నేను వేరే ఉప్పుతో వండుకున్నాను. ఒక వంటింట్లో రెండు ఉప్పు జాడీలా అని ఆవిడ నాతో మాట మానేశారు. నేనూ తగ్గలేదు. పొట్టలో ఉన్నది నా బిడ్డ.

కొన్నాళ్ళకి ఒక ఉదయం ఆవిడే చేటతో వచ్చారు. "కడగలేదు. మట్టీ మశానం ఏరాను, అంతే. వెయ్యవే నీ చుక్క."

వేశాను. నీలం. ఆవిడ వంగి చూశారు.

"ఇది లోపలున్న దానికి వెళుతుందంటావా?"

"వెళుతుందండి."

"అయితే తిను" అని ఆ ఉప్పు పెద్ద జాడీలో పోసేశారు. తప్పైపోయిందని ఒక్క మాట అనలేదు.

నెలలు గడిచేకొద్దీ నా మెడ ఉబ్బు తగ్గింది. పాప చురుకైన కళ్ళతో పుట్టింది. పిల్లని చంకనేసుకుని అత్తగారు నాతో పూర్ణా మార్కెట్‌కి వచ్చిన రోజు, కొట్టాయన నన్ను గుర్తుపట్టాడు.

"ఏటమ్మా, దెయ్యం దొరికిందా?"

నేను నోరు తెరిచేలోపే అత్తగారు పాపని భుజం మీదకి సర్దుకున్నారు. "దొరికింది బాబూ. ఇదిగో, మనవరాలిని ఎత్తుకుంది. ఉప్పు ఇవ్వు."

ఈసారి నేనూ నవ్వాను. అయినా దాన్ని క్షమాపణగా నేను లెక్కలోకి తీసుకోలేదు.