రెండో అంతస్తులో రెండు కౌంటర్లు

విజయశ్రీ గుజరాతీ మీడియంలో చదివింది. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ. ఈ మూడు భాషలే ఆమెకు ఉద్యోగం తెచ్చిపెట్టాయి, ఒక శత్రువునీ తెచ్చిపెట్టాయి.

వాళ్లది సూరత్‌లోని గోడాదరా. తండ్రి లస్మయ్య సిరిసిల్ల నుంచి వచ్చి పవర్‌లూమ్ కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. తల్లి ఐలమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అంటించేది. రెండిళ్ల అవతల ఉమాకాంత్ ఉండేవాడు. ఆమె కంటే నాలుగేళ్లు పెద్ద. ఘోడ్ దౌడ్ రోడ్డులోని ఒక ఎలక్ట్రానిక్స్ షోరూమ్‌లో ఒక కంపెనీ తరఫున నిలబడి టీవీలు అమ్మేవాడు. అలాంటివాళ్లను ప్రమోటర్లంటారు. చోటు షోరూమ్‌ది, జీతం కంపెనీది. షోరూమ్ యజమాని హస్ముఖ్‌భాయ్‌తో మాట్లాడి విజయశ్రీని వాషింగ్ మెషీన్ల దగ్గర పెట్టించింది అతనే. ఏడాది పాటు ఆమె "ఉమాకాంతన్నా" అంటూ అతని వెంటే తిరిగింది.

2007లో కొత్త రకం డిస్కులు వచ్చాయి. మామూలు డీవీడీ కంటే బొమ్మ ఎంతో స్పష్టంగా కనిపించేది. అయితే అందులో రెండు రకాలు: బ్లూ-రే, హెచ్‌డీ డీవీడీ. చూడ్డానికి రెండూ ఒకటే, కానీ ఒక రకం డిస్కు రెండో రకం ప్లేయర్‌లో తిరగదు. హాలీవుడ్ కంపెనీలు కూడా రెండు జట్లయ్యాయి. కొన్ని సినిమాలు ఇటే దొరుకుతాయి, కొన్ని అటే. ఉమాకాంత్‌కి బ్లూ-రే కౌంటర్ ఇచ్చారు. పోటీ కంపెనీవాళ్లు ఆమె సేల్స్ చూసి, అతనికి తెలియకుండా విజయశ్రీని పిలిచి హెచ్‌డీ డీవీడీ కౌంటర్ అప్పగించారు. జీతం అతని కంటే ఐదు వందలు ఎక్కువ.

"నాకొక్క మాట చెప్పాలె గద," అన్నాడు ఉమాకాంత్, ఆమె కొత్త టీషర్టు వేసుకుని వచ్చిన రోజు.

"చెప్తే పోనిస్తుంటివా?"

ఆ రోజు నుంచి ఆమె అతన్ని అన్నా అని పిలవలేదు.

రెండో అంతస్తులో రెండు కౌంటర్ల మధ్య ఆరడుగులు కూడా లేవు. ఆమె ప్లేయర్ ధర ఇరవై వేలు, అతనిది నలభై ఐదు వేలు. ధర ఆమె బలం. సినిమాలు అతని బలం. ఆమె గిరాకీకి చూపించడం మొదలుపెట్టగానే అతను తన టీవీ సౌండ్ పెంచేవాడు. ఆమె భోజనానికి వెళ్లి వచ్చేసరికి రిమోట్‌లో సెల్‌లు ఉండేవి కావు. ఆమె కూడా తక్కువ తినలేదు. కొత్త కంపెనీ ముంబైలో ఇచ్చిన ట్రైనింగ్‌లో నేర్చుకున్నదంతా కంఠతా పెట్టింది. అతని దగ్గర బిల్లు దాకా వచ్చిన ఒక చీరల వ్యాపారిని పిలిచి, "శేఠ్, ఆ మెషీన్‌కి ఇంటర్నెట్ వైరు పెట్టే చోటుందేమో అడగండి. రేపు కొత్త సౌకర్యాలొస్తే అందులో ఎక్కించుకోలేరు," అంది గుజరాతీలో. అది నిజమే. ఆ మోడల్‌కి ఆ చోటు లేదు. వ్యాపారి ఆమె దగ్గరే కొన్నాడు.

ఆ సాయంత్రం ఉమాకాంత్ లస్మయ్యను కార్ఖానా గేటు దగ్గర ఆపాడు. "మీ బిడ్డ గిరాకీలతోని పండ్లికిలిచ్చుకుంట మాట్లాడుతది కాకా. జర చూసుకోండ్రి," అన్నాడు.

లస్మయ్య ఇంటికొచ్చి చెప్పులు కూడా విడవకుండా, "రేపటి సంది బంద్," అన్నాడు.

ఐలమ్మ చేతిలో ఉన్న చీర పక్కన పడేసింది. "ఎవడో గేటు కాడ చెప్తే బంద్ జేస్తవా? వాడు రోజంతా ఎవలతోని మాట్లాడుతుండు? గోడలతోనా?"

మర్నాడు విజయశ్రీ మామూలుగానే పనికెళ్లింది. హస్ముఖ్‌భాయ్ ముందే ఉమాకాంత్ ఎదుట నిలబడి, "మా బాపు చెవిల చెప్పిన మాట గీడ చెప్పు. అందరింటరు," అంది. అతను బాక్సులు సర్దుకుంటూ ఉండిపోయాడు. హస్ముఖ్‌భాయ్ నవ్వాడు. వీళ్లిద్దరి పోట్లాట వల్ల ఆ అంతస్తులో అమ్మకం పెరిగిందని అతనికి తెలుసు.

2008 జనవరి మొదటివారంలో ఒక పెద్ద సినిమా కంపెనీ ఇక బ్లూ-రేలోనే సినిమాలు తెస్తానని ప్రకటించింది. ఉమాకాంత్ ఆ పేపరు తెచ్చి ఆమె కౌంటర్ మీద పరిచాడు. "సదువుకో. సగం సినిమాలు పాయె."

ఆమె పేపరు మడిచి అతని కౌంటర్ మీదికి విసిరింది. కానీ మొత్తం చదివాకే విసిరింది. మరో వారానికి ఆమె కంపెనీ ధర పదమూడు వేలకు దించేసింది.

ఆ ధర చూసి వచ్చిన మనిషి శ్రీరాములు. రైల్వేలో గార్డు, రిటైర్మెంటుకి మూడు నెలలుంది. భార్య పార్వతితో ఆల్థాన్‌లో కొత్త ఫ్లాట్‌లోకి మారుతున్నాడు. విజయశ్రీ ఫోన్‌లో తల్లితో మాట్లాడుతుంటే విని, అతని ముఖం వెలిగింది.

"తెలుగమ్మాయివా? మాది ఏలూరమ్మా. సరే, నువ్వే చెప్పు. ఈ రెండింటిలో ఏది నిలబడుతుంది? నాకు మళ్లీ మళ్లీ కొనే ఓపిక లేదు."

"మీరేం రంది పడకుండ్రి సార్. పదేండ్ల దాకా ఏం గాదు," అంది విజయశ్రీ.

ఆ మాట అంటున్నప్పుడు పక్క కౌంటర్‌లో ఉమాకాంత్ గుడ్డతో అద్దం తుడుస్తున్నాడు. అంతా విన్నాడు. తుడుస్తూనే ఉన్నాడు. శ్రీరాములు ప్లేయర్‌తో పాటు నాలుగు డిస్కులు కొన్నాడు. దిగబోతూ పార్వతి విజయశ్రీ చెయ్యి పట్టుకుని, ఇంటికి రమ్మని మరీ మరీ చెప్పింది. విజయశ్రీ తలూపింది.

ఫిబ్రవరి ఇరవైన పేపర్లో మళ్లీ వార్త వచ్చింది. ప్లేయర్లు తయారుచేసే కంపెనీయే హెచ్‌డీ డీవీడీని పూర్తిగా ఆపేసింది. పొద్దున్నే ఏరియా మేనేజర్ ఫోన్ చేశాడు. "ఇంకా తొమ్మిది పీసులు మిగిలున్నాయి. అడిగితే తప్ప ఏం చెప్పొద్దు," అన్నాడు హిందీలో.

నాలుగో రోజు శ్రీరాములు అట్టపెట్టె చంకలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. వెనకాల పార్వతి. పెట్టె కౌంటర్ మీద దబ్బున పెట్టాడు.

"ఒక్కటే అడుగుతాను. ఆ రోజు నీకు తెలుసా, తెలీదా?"

విజయశ్రీ నోరు తెరిచేలోపే ఉమాకాంత్ అందుకున్నాడు. "తెలుసు సార్. వారం ముందే పేపర్ నేనే సూపిచ్చిన."

"తెలుసు," అంది విజయశ్రీ.

"సొంత భాషలో అడిగితే నిజం చెప్తావనుకున్నాను. నాది బుద్ధి తక్కువ," అన్నాడు శ్రీరాములు. పార్వతి ఇంకా కరుగ్గా అంది: "నీ చెయ్యి పట్టుకుని ఇంటికి రమ్మన్నాను. నువ్వు తలూపావు. ఎలా ఊపావే?"

విజయశ్రీ గబుక్కున ఉమాకాంత్ వైపు తిరిగింది. "నువ్వు గప్పుడు గీడనే ఉన్నవ్ గద. ఇన్నవ్. సార్‌కి ఎందుకు చెప్పలే?"

"నా గిరాకీ కాదు," అన్నాడతను.

"అయితే నువ్వూ దొంగవే," అన్నాడు శ్రీరాములు అతనితో.

గొడవ విని హస్ముఖ్‌భాయ్ పైకొచ్చాడు. అమ్మిన సరుకు వెనక్కి తీసుకునేది లేదన్నాడు. విజయశ్రీ గుజరాతీలో అతని మీద విరుచుకుపడింది. అబద్ధం చెప్పింది తానేననీ, ఆ డబ్బు గల్లాలో వేసుకుంది అతనేననీ, వెనక్కి తీసుకోవాల్సిందేననీ అంది. గిరాకీలు నలుగురూ చుట్టూ చేరారు. హస్ముఖ్‌భాయ్ మెట్ల వైపు వేలు చూపించాడు.

ఆమె దిగలేదు. బిల్లు పుస్తకం కింద నుంచి ఒక తెల్ల కాయితం లాగి, హిందీలో రాసింది. ఫలానా తారీఖున, సినిమా కంపెనీ తప్పుకుందని తెలిసీ, పదేళ్ల దాకా ఏం కాదని చెప్పి ఈ ప్లేయర్ అమ్మానని రాసి, కింద సంతకం పెట్టి, ప్రమోటర్ నంబరు వేసింది. శ్రీరాములు చేతిలో పెట్టింది.

"కన్స్యూమర్ కోర్టుకి పోండ్రి సార్. పిలిస్తే వస్త."

అతను రెండుసార్లు చదివాడు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు. గంటలోపే ఏరియా మేనేజర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆమె టీషర్టు అక్కడే అప్పజెప్పి, దుపట్టా కప్పుకుని సిటీబస్సెక్కింది. ఆ రాత్రి లస్మయ్య "నేను ముందే చెప్పిన," అన్నాడు. ఐలమ్మ భర్తతో రెండు రోజులు మాట్లాడలేదు.

కోర్టు దాకా పోలేదు. ఆ కాయితం చూసి శ్రీరాములు లాయర్ నోటీసు పంపగానే షోరూమ్ ప్లేయర్ వెనక్కి తీసుకుంది. ఈ సంగతి వాషింగ్ మెషీన్ల దగ్గర పనిచేసే అమ్మాయి చెబితే విజయశ్రీకి తెలిసింది. ఆమెకు పెద్ద షోరూముల్లో ఎక్కడా పని దొరకలేదు. పాత షోరూముకి ఒక ఫోన్ చాలు, కథ తెలిసిపోయేది. చివరికి రింగ్ రోడ్డు బట్టల మార్కెట్‌లో, ఫోన్‌లో ఆర్డర్లు రాసుకునే పనికి కుదిరింది. ఉమాకాంత్ ఇంకో ఏడాది ఆ కౌంటర్‌లోనే నిలబడ్డాడు. గల్లీలో ఎదురైతే ఇద్దరూ ముఖాలు తిప్పుకునేవారు. ఒకసారి ఒక పెళ్లిలో అతని తల్లి ఇద్దర్నీ కలపబోతే, "వద్దత్తా, అన్నం తిననియ్యి," అంది విజయశ్రీ.

పని పోయిన ఏడాది వేసవిలోనే ఆమె సూరత్ స్టేషన్‌లో శ్రీరాములు దంపతులను చూసింది. బెంచీ మీద కూర్చున్నారు, పక్కన పెట్టెలు. ఆమె దగ్గరికెళ్లి, "నమస్తే సార్," అంది.

శ్రీరాములు ఆమెను గుర్తుపట్టాడు. ఒక్క క్షణం చూసి, భార్య వైపు తిరిగి, "మంచినీళ్ల సీసా ఇటియ్యి," అన్నాడు. పార్వతి సీసా అందించింది. ఆమె కూడా తల ఎత్తలేదు.

విజయశ్రీ తన ప్లాట్‌ఫారం వైపు నడిచింది.