రెజీనా గొంతు

పెళ్లయిన నెల తిరక్కుండానే, గూడూరులో భర్త ఫ్రెడ్డీ స్నేహితుడు రూఫస్ కొడుకు మొదటి పుట్టినరోజు ప్రార్థన కూటానికి వెళ్లి, రెజీనా కేకు మీద కూర్చుంది.

కేకు రెండు కిలోలది. వెనక గదిలో మంచం మీద, అట్టపెట్టె మూత తీసి పెట్టి ఉంది. గదిలో లైటు లేదు. రెజీనా కట్టుకున్నది ముదురాకుపచ్చ పట్టుచీర. ఆమె లేచి నిలబడేసరికి పిల్లవాడి పేరులో సగం కేకు మీద మిగిలింది, సగం చీర మీదికి వచ్చింది. రూఫస్ బజారుకు మనిషిని పంపి ఇంకో కేకు తెప్పించాడు. రూఫస్ భార్య తన చీరొకటి తీసి ఇచ్చింది. కూటం అయ్యేదాకా రెజీనా ఆ గది దాటి బయటికి రాలేదు. పాపం ఎంత సిగ్గుపడిందోనని ఓదార్చడానికి లోపలికి వెళ్లాను. మంచం మీద కేకు లేని వైపు కూర్చుని, పరీక్షలు అయిపోయిన పిల్లలా కాళ్లూపుకుంటోంది.

వాళ్లు అద్దెకుండేది నెల్లూరులో మా ఇంటి మేడమీద. కారులో వెనక సీటు ఖాళీగా పోవడం ఫ్రెడ్డీకి ఇష్టం ఉండదు. కూటమని ఎవరన్నా పిలిస్తే కాదనడం నాకు చేతకాదు. అందుకని ఈ కథలో చాలా భాగం నేను వెనక సీట్లో కూర్చుని చూసిందే. మిగతాది రెజీనా తర్వాత చెప్పింది.

ఆ రోజు ఆమె చీకటి గదిలోకి ఎందుకు దూరిందంటే, బయట పాస్టరు గారు మైకులో "ఇప్పుడు మన కొత్త దంపతులు ఒక ప్రత్యేక గీతం పాడతారు" అన్నారు.

మా వాళ్లలో ఇదొక ఆచారం. ఇల్లు కట్టినా, బిడ్డ పుట్టినా, ఉద్యోగంలో ఒక మెట్టెక్కినా కృతజ్ఞత కూటం పెడతాం. కూటానికి కొత్త జంట వచ్చిందంటే పాడించకుండా అన్నం పెట్టం. ఆ ఏడాది ఫ్రెడ్డీ స్నేహితులందరికీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి జీవితం కలిసొచ్చింది. ఒకడికి కవలలు పుట్టారు, ఒకడు నాయుడుపేటలో షాపు తెరిచాడు, ఒకడి చెల్లెలికి ప్రభుత్వ ఉద్యోగం వచ్చింది. ఏ శనివారం చూసినా ఎవడో ఒకడు దేవుడికి కృతజ్ఞతలు చెల్లిస్తూనే ఉన్నాడు. ఫ్రెడ్డీ సెకండ్ హ్యాండ్ కారు తుడిచి, అత్తరు సీసా వేలాడదీసి, "రెజీ, బయల్దేరదామా?" అని కిందికి వినబడేలా పిలిచేవాడు.

ఫ్రెడ్డీ రొయ్యల మేత కంపెనీలో పనిచేస్తాడు. గొంతు మాత్రం రొయ్యల మధ్య పెరిగినట్టుండదు, వింటే ప్రాణం లేచొస్తుంది. ఎక్కడికి వెళ్లినా పరిచయమైన ఐదు నిమిషాల్లో ఒకే మాట చెప్పేవాడు. "దేవుణ్ణి నేను కట్నం అడగలా, కారు అడగలా అన్నా. నాతో కలిసి పాడే మనిషిని ఇయ్యి సామీ అని అడిగినా. ఇచ్చినాడు. మా ఆవిడ నాయుడుపేట చర్చి కోయిర్‌లో ఆరేళ్లు ఉండాది."

అందులో అబద్ధం లేదు. పెళ్లిచూపుల్లో ఫ్రెడ్డీ తల్లి జయశీల, "చర్చిలో ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగితే, "కోయిర్‌లో ఉండానండి" అంది రెజీనా. ఉంది కూడా. చేరిన మొదటిరోజే కోయిర్ నడిపే క్రీస్తురాజు మాస్టారు ఆమె గొంతు విని, హార్మోనియం ఆపి, కాసేపు కళ్లు మూసుకున్నాడట. తర్వాత ఎంతో ప్రేమగా, "తల్లీ, నువ్వు పొడవుగా ఉండావు. వెనక వరసలో మధ్యన నిలబడితే వరస నిండుగా ఉంటాది. నోరు మాత్రం కదుపు. పాడినావో లేదో దేవుడికి ఎట్టాగూ తెలుస్తాది" అన్నాడట. ఆరేళ్లు అలాగే కదిపింది. క్రిస్మస్ ఆరాధన అయ్యాక ఇద్దరు ముగ్గురు వచ్చి, "నీ గొంతు విడిగా తెలిసిపోతుందమ్మా" అని మెచ్చుకున్నారు కూడా.

ఇంకెవరైనా అయితే ఈ గుట్టును మర్యాదగా మోస్తూ బతికేస్తారు. రెజీనా వల్ల కాదు. ఆమె పనిచేసేది కళ్లద్దాల షాపులో. ఖరీదైన ఫ్రేము పెట్టుకుని అద్దంలో మురిసిపోయేవాళ్లు "ఎట్టుండాది మేడమ్?" అంటే, "బాగలేదు సార్, మీ ముక్కుకు అది పనికిరాదు" అని చెప్పే మనిషి. ఓనరుకు ఆమె అంటే భయమూ గౌరవమూ. అలాంటిది ఇంట్లో మొగుడికి ఈ ఒక్క ముక్క చెప్పలేకపోయింది. చెబుదామని నోరు తెరిచేది. ఫ్రెడ్డీ ఆమె వైపు తిరిగి, దేవుడు తన ఒకే ఒక్క ప్రార్థన విన్నాడన్న ముఖంతో చూసేవాడు. ఆమె నోరు మూసుకునేది. ఆ ముఖం వాడిపోవడం తన చేతులతో జరగకూడదనుకుంది.

కారులో ఇంకా కష్టం. హైవే ఎక్కగానే ఫ్రెడ్డీ స్టీరింగు మీద తాళం వేస్తూ పాట ఎత్తుకుని, "అందుకో రెజీ!" అనేవాడు. మొదటిసారి ఏం చేయాలో తోచక, రెజీనా కిటికీలోంచి చెయ్యి చూపించి, "అదుగోండి, కొంగ!" అని అరిచింది. ఫ్రెడ్డీ పాట ఆపి కొంగను చూశాడు. మందు దొరికిందనుకుంది ఆమె. అప్పట్నుంచి పాట మొదలయితే కొంగ, చరణం దగ్గరికొస్తే బాతు. పక్షులు లేనిచోట కరెంటు తీగ మీద కాకిని కూడా చూపించింది. దాంతో ఫ్రెడ్డీకి భార్య పక్షి ప్రేమికురాలని గట్టి నమ్మకం కుదిరింది. ఆదివారాలు పులికాట్ సరస్సు వైపు తిప్పడం మొదలుపెట్టాడు. మూడు నెలల పెళ్లిరోజుకు బైనాక్యులర్స్ కొనిచ్చాడు. ఎండలో గట్టు మీద నిలబడి, గంటలకొద్దీ పొడుగు కాళ్ల రాజహంసల వైపు ఆ గొట్టాలు పెట్టుకుని, రెజీనా ఒకసారి నాతో గొణిగింది.

"అక్కా, ఇవన్నీ కాళ్లు. ఎన్నిసార్లు చూస్తాం అక్కా కాళ్లు?"

కూటాల్లో ఆమె తప్పించుకునే పద్ధతులు వేరు. కోవూరులో కవలల పేర్లు పెట్టే రోజున ఇద్దరినీ చెరో తొడ మీద సర్దుకుని కూర్చుంది. బిడ్డల్ని దింపి పాడమ్మా అనే ధైర్యం ఎవరికీ రాలేదు. నాయుడుపేట షాపు ప్రారంభంలో గొంతు నొప్పి అంది. ఫలితంగా వారం రోజులు ఫ్రెడ్డీ మిరియాల కషాయం కాచి దగ్గరుండి తాగించాడు. రెండుసార్లు మాత్రం తప్పలేదు. అదృష్టంకొద్దీ ఒకే మైకు ఉంది, అది ఫ్రెడ్డీ చేతిలో ఉంది. ఆమె పక్కన నిలబడి నోరు కదిపింది. ఆరేళ్ల అనుభవం మరి.

హెబ్రోను కొత్తింటి ప్రతిష్ఠ కూటం వచ్చేసరికి ఆ అదృష్టం కాస్తా అయిపోయింది.

హెబ్రోను ఫ్రెడ్డీకి చిన్నప్పటి నేస్తం. మైపాడు వైపు, సముద్రపు గాలి తగిలేచోట ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి ముందు షామియానా, లోపల బిరియానీ వాసన, వాకిట్లో మనిషెత్తు స్పీకర్లు. స్పీకర్లు కోవూరు మస్తాన్‌వి. మస్తాన్ నలభై దాటిన మనిషి. ఇన్నాళ్లూ పాత ఆంప్లిఫయరుతో నెట్టుకొచ్చి, ఈమధ్యే తీగల్లేని మైకులతో కొత్త సెట్టు కొన్నాడు. దానికి ఇదే మొదటి కూటం. పసుపు గుడ్డతో మైకులు తుడుస్తూ, వచ్చినవాళ్లందరికీ నమస్కారం పెడుతున్నాడు. ఆ ఊళ్లో వచ్చే నెల చర్చి వార్షికోత్సవం ఉంది. దానికి ఎవరి సెట్టు పెట్టాలో చెప్పాల్సిన పెద్దమనిషి, హెబ్రోను మేనమామ ముత్యాలయ్య, ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

బైబిలు వాక్యం చదవడం అయింది. పాస్టరు గారు కొత్త దంపతులను పిలిచారు. రెజీనా చుట్టూ చూసింది. ఒళ్లో పెట్టుకోవడానికి దరిదాపుల్లో పసిబిడ్డ లేదు. మస్తాన్ పరుగున వచ్చి ఫ్రెడ్డీకి ఒక మైకు, ఆమెకు ఒక మైకు ఇచ్చాడు.

"చెరోటి తీసుకోండమ్మా. ఊపిరి తీసినా వినబడతాది" అన్నాడు గర్వంగా.

పాత కీర్తన ఒకటి ఎత్తుకున్నాడు ఫ్రెడ్డీ. రెజీనా నోరు కదిపింది. స్పీకర్లలో ఒక్క గొంతే వినబడుతోంది. పల్లవి రెండోసారి వచ్చేసరికి జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. మస్తాన్ ఆమె మైకు సౌండు పెంచాడు. లేదు. ఇంకా పెంచాడు. స్పీకరు కీచుమంది, షామియానా వెనక మేక బెదిరి పారిపోయింది. ఆమె గొంతు మాత్రం లేదు.

"అబ్బయా, ఆపు ఆపు" అని ముత్యాలయ్య చెయ్యెత్తాడు. ఫ్రెడ్డీ పాట ఆపాడు. "మస్తానూ, ఏందిరా ఇది? కొత్త సెట్టు కొత్త సెట్టని ఊరంతా డబ్బా కొట్టుకుంటివే. ఆడబిడ్డ అంత కష్టపడి పాడతా ఉంటే నీ మైకు మింగేస్తా ఉండాదా?"

మస్తాన్ వచ్చి మైకు తీసుకుని బ్యాటరీలు మార్చాడు. "హలో, హలో, చెక్" అన్నాడు. సముద్రం దాకా వినబడింది. ఆమెకిచ్చి, "ఒకసారి పాడండమ్మా" అన్నాడు.

రెజీనా మళ్లీ పెదాలు కదిపింది. మైకు పట్టుకున్న చేతి గాజులు గలగలమన్నాయి. ఆ గలగల రెండు స్పీకర్లలోనూ ఖంగుమని మోగింది. పాట మాత్రం రాలేదు.

గాజుల చప్పుడు అందరికీ వినబడింది. దాని అర్థం మాత్రం ఒక్క మస్తాన్‌కే తెలిసింది. ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. ఆమె కళ్లు దించుకుంది. మస్తాన్ ముత్యాలయ్య వైపు తిరిగి, చేతులు కట్టుకుని, "మైకులోనే తేడా ఉండాది సామీ. నాదే తప్పు" అన్నాడు.

"ఇట్టాంటి సెట్టు మా వార్షికోత్సవానికి పెడితే మా పరువేం కావాల? యాడన్నా రొయ్యల గుంట కాడ పెట్టుకోపో" అన్నాడు ముత్యాలయ్య. జనం నవ్వారు. మస్తాన్ కూడా నవ్వి, మైకు కోసం ఆమె ముందు చెయ్యి చాపాడు.

రెజీనా మైకు ఇవ్వలేదు. నేను రెండో వరసలో ఉన్నాను. ఆమె ఒకసారి ఫ్రెడ్డీ వైపు చూసింది. మైకే పాడయిందనుకుని అతను ధైర్యం చెబుతున్నట్టు తలూపాడు. ఆమె ఊపిరి గట్టిగా పీల్చుకుంది. అది కూడా వినబడింది, మస్తాన్ చెప్పినట్టే.

తర్వాత పాడింది.

ఎలా పాడిందని నన్నడిగితే, రాగం ఒక దారిన వెళ్తుంటే ఆమె పక్క ఊరి బస్సెక్కిందని చెబుతాను. మొహమాటం లేదు, జంకు లేదు. షాపులో "బాగలేదు సార్" అన్నంత స్పష్టంగా, చరణం మొదటినుంచి చివరిదాకా పాడింది. బిరియానీ దగ్గరున్న వంటమనిషి గరిటెతో సహా బయటికొచ్చాడు. పాస్టరు గారు ప్రార్థనలో ఉన్నట్టు కళ్లు మూసుకున్నారు. ఫ్రెడ్డీ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఆ ముఖం వాడిపోతుందేమోనని నేనూ భయపడ్డాను. కాసేపు తన రాగాన్ని పట్టుకుని పెనుగులాడాడు. చివరికి దాన్ని వదిలేసి, ఆమె ఎక్కడుంటే అక్కడికే వెళ్లి ఆమెతో కలిసి పాడాడు. ఇద్దరూ కలిసి తప్పిపోయారు.

చరణం అయింది. ఎవరూ ఆమెన్ కూడా అనలేదు. ముత్యాలయ్యే ముందు తేరుకున్నాడు.

"మస్తానూ, మైకు బ్రహ్మాండంగా ఉండాదిరా అబ్బయా. వచ్చే నెల రెండు రోజులకీ నువ్వే పెట్టు" అన్నాడు.

మస్తాన్ పసుపు గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. అంతటితో అయిపోయిందనుకుని జనం ఊపిరి పీల్చుకున్నారు. రెజీనా రెండో చరణం ఎత్తుకుంది.

భోజనాలయ్యాక బయల్దేరాం. పక్కకు తిరక్కుండా కారు నడిపాడు ఫ్రెడ్డీ. దారి పొడుగునా రొయ్యల గుంటలు, వాటి మీద కావలసినన్ని కొంగలు. ఎవరూ చూపించలేదు. రెజీనా తలుపుకేసి ఒదిగి కూర్చుని, క్రీస్తురాజు మాస్టారి సంగతి మొదటినుంచీ చెప్పింది.

"అయితే ఆ కాకులు?" అన్నాడు ఫ్రెడ్డీ.

"నాకు పక్షులంటే ఏమంత ఇది లేదండీ."

"బైనాక్యులర్స్?"

"కళ్లు నొప్పులు."

ఫ్రెడ్డీ భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని నేను వెనకనుంచి ముందుకు వంగాను. నవ్వు ఆపుకుంటున్నాడు. ఆపుకోలేక కారు పక్కకు తీసి నిలబెట్టి, తల స్టీరింగుకు ఆనించి, కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. రెజీనా అతన్ని అనుమానంగా చూసి, తర్వాత తనూ నవ్వింది. పక్కనుంచి పోతున్న చేపల ఆటోవాడు నెమ్మది చేసి, కారు చెడిపోయిందా అని అడిగి వెళ్లాడు.

నెల్లూరు దగ్గరపడేసరికి ఫ్రెడ్డీకి బాధ ఇంకోవైపు నుంచి గుర్తొచ్చింది.

"అంతా సరే రెజీ. పాపం మస్తానన్న మాటపడతా ఉంటే పాడినావు, ఒప్పుకుంటా. ఒక్క చరణంతో ఆపొచ్చు గదా? నా స్నేహితులందరి ముందర, అంత గట్టిగా, రెండోది గూడా ఎందుకు పాడినావు?"

రెజీనా చీర కొంగు సర్దుకుంది.

"మొదటిది మస్తానన్న కోసమండీ, రెండోది ఇంక జన్మలో నన్ను ఎవరూ పాడమనకుండా."