బహుశమ్మ ఖాయంగా చెప్పిన రోజు

ఆ వైమానిక స్థావరంలో వాతావరణం చెప్పే గదికి కిటికీ లేదు. ఆకాశమంతటి బాధ్యతను నెత్తిన పెట్టుకున్న చోట ఆకాశం కనిపించని గది అదొక్కటే. రాడార్ తెరలు మసక వెలుగులో బాగా కనిపిస్తాయని కట్టించినవారి వాదన. బయట వాన పడుతోందో లేదో లోపలివారికి తెలిసేది వచ్చేపోయేవాళ్ల బూట్ల తడిని బట్టేనని పైలట్ల వాదన.

ఆ గదిలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న అధికారిణిని ఎదురుగా ‘మేడం’ అనేవారు, వీపు తిరగ్గానే ‘బహుశమ్మ’ అనేవారు. ఆవిడ ఏ సంగతీ తేల్చి చెప్పరు. ఉరుములు వచ్చే అవకాశం ఉంటుంది, పొగమంచు విడిపోవచ్చు, గాలి బహుశా దిశ మారుతుంది. చదువుకున్న శాస్త్రం అలాంటిది మరి. రేపటి సంగతి తెలుసనేవాడు జ్యోతిష్కుడు, తెలియదనేవాడు మామూలు మనిషి, ఎంత తెలియదో లెక్కగట్టి చెప్పేవాడు వాతావరణ శాస్త్రవేత్త.

ఇంటి దగ్గరా ఇదే వరస. పెళ్లి చేసుకుందామా అని అడిగినప్పుడు ఆవిడ, “పరిస్థితులు అనుకూలంగానే కనిపిస్తున్నాయి” అన్నారట. అది అవునో కాదో తేల్చుకోలేకపోయానని, అమ్మాయి పుట్టాక అవుననే అనుకుని స్థిమితపడ్డానని భర్త ఇప్పటికీ చెబుతుంటారు. అత్తగారిది ఇంకో బాధ.

“బట్టలు ఆరెయ్యనా అమ్మా?” అని ఆవిడ ఫోన్ చేస్తారు.

“నలభై శాతం అత్తయ్యా.”

“నలభై శాతం బట్టలు ఆరెయ్యమంటావా, వేసినవి నలభై శాతం ఆరతాయంటావా?”

ఇక ఉద్యోగం సంగతి. పైలట్ మోకాలి పక్కన అరచేయంత తెర ఒకటి ఉంటుంది. దాని మీద మబ్బుల బొమ్మ వస్తుంది. పచ్చ రంగైతే ఫరవాలేదు, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే ఆ వైపు పోవద్దు. బొమ్మ కింద ఒక్క వరుస మాటలకు చోటుంటుంది. ఆ వరుస బహుశమ్మది. మేడ మెట్లెక్కితేనే కళ్లు తిరిగే మనిషి కిటికీ లేని గదిలో కూర్చుని నాలుగు మాటలు టైపు చేస్తే, మేఘాల పక్కన ఎగురుతున్నవాడి మోకాలి దగ్గర అవి వెలుగుతాయి. మనుషులు ఇంతకంటే చిన్న వింతలకు కూడా చేతులెత్తి మొక్కారు.

అయితే ఈ వింతలో ఒక మెలిక ఉంది. ఆ బొమ్మ ఇప్పటిదిలా కనిపిస్తుంది గానీ ఇప్పటిది కాదు. రాడార్లు ఆకాశమంతా గాలించి, చూసిందంతా అతికి, పైకి పంపేసరికి పది పన్నెండు నిమిషాలు గడుస్తాయి. ఈలోగా విమానం ఆగదు, మబ్బూ కూర్చోదు. అందుకే మేడం పోరుపెట్టి బొమ్మ మూలన అది పుట్టిన సమయం వేయించారు. పైలట్లు దానికి ‘నిలవ బొమ్మ’ అని పేరు పెట్టి, ఆ మూలకేసి చూడడం మానేశారు.

ఆ మధ్యాహ్నం ‘పొడుగాయన’ అనే పైలట్ రవాణా విమానంలో వస్తున్నాడు. వెనకాల స్ట్రెచర్ మీద గాయపడిన జవాను ఉన్నాడు. స్థావరం ఆసుపత్రిలో డాక్టర్లు సిద్ధంగా ఉన్నారు. దారికి అడ్డంగా మాత్రం మబ్బు గోడకట్టింది.

“మధ్యలో సందు భేషుగ్గా కనిపిస్తోంది. దూరిపోతున్నా” అన్నాడు రేడియోలో. ఆ తర్వాత మెరుపుల దెబ్బకు గరగర తప్ప మాట దాటలేదు. తెర కింది వరుస ఒక్కటే మిగిలింది.

డ్యూటీ ఆఫీసరు పరుగున వచ్చాడు. “సందు ఉందా మేడం? ఒక్క ముక్కలో చెప్పండి.”

“బొమ్మలో ఉంది.”

“ఆకాశంలో?”

ఆవిడ అంతకుముందు వచ్చిన బొమ్మలను వరసగా నడిపించి చూపించారు. రెండు ఎర్రటి ముద్దలు ఒకదానివైపు ఒకటి జరుగుతున్నాయి. విమానం అక్కడికి చేరేసరికి అవి కలిసిపోయేలా ఉన్నాయి. దక్షిణపు కొస నుంచి చుట్టి రావచ్చు, కానీ ఇంధనం దానికి మాత్రమే సరిపోతుంది. అక్కడ కూడా మబ్బు కమ్మేస్తే వెనక్కి తిరగడానికి చుక్క మిగలదు.

‘సందు మూసుకునే అవకాశం’ దాకా టైపు చేశారు. చెయ్యి ఆగిపోయింది. అంతా చెరిపేసి మళ్లీ కొట్టారు: ‘సందు ఉండదు. దక్షిణపు కొసన దారి ఉంటుంది.’

డ్యూటీ ఆఫీసరు అది చదివి, ఆవిడ నోట బూతు విన్నట్టు చూశాడు. “అవకాశం ఏదీ మేడం?”

“తీసేశాను. పంపించండి.”

తెర మీద విమానం చుక్క తిన్నగానే పోతోంది. ఇంకా తిన్నగానే పోతోంది. డ్యూటీ ఆఫీసరు ఆవిడ కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకున్నాడు. అప్పుడు చుక్క మెల్లగా దక్షిణానికి తిరిగింది.

జవానును అంబులెన్సు ఎక్కించాక పొడుగాయన గుమ్మం దగ్గర అలవాటుగా వంగి లోపలికొచ్చాడు. మామూలుగా గది అదిరేలా మాట్లాడే మనిషి గొంతు తగ్గించాడు.

“తిరిగాక పక్కకు చూశాను మేడం. రెండు తెల్లటి కొండలు. వాటి కింద మేం దోమంత. మధ్యన నీలం చీలిక. నేను దూరదామనుకున్నది దాన్లోకే. చూస్తుండగానే సన్నబడిపోయి మూసుకుంది. అంత పెద్దవి కలుస్తుంటే చిన్న చప్పుడు కూడా వినిపించలేదండీ. లోపల మాత్రం ఆ కొస నుంచి ఈ కొస దాకా మెరుపు పాకింది.”

“సందు కనిపిస్తూనే ఉందిగా, ఎందుకు తిరిగారు?”

“మీ వరుసలో ‘అవకాశం’ లేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా రాలేదు. భయమేసింది” అన్నాడతను. “అయినా అంత ఖాయంగా ఎలా తెలిసింది మీకు?”

“ఖాయమెక్కడిదండీ? డెబ్బై శాతం.”

పొడుగాయన పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు. “మరి ఆ డెబ్బై రాయలేదేం?”

“రాస్తే మీరు మిగతా ముప్ఫైలోకి దూరేవారు.”

అతను లేచి, “బయటికి రండి మేడం. ఒక్కసారి చూద్దురుగాని” అన్నాడు.

రన్‌వే చివరన ఆ మబ్బు నిలబడి ఉంది. అంతసేపూ ఎర్రటి ముద్దగా తెలిసినది ఇప్పుడు నేల నుంచి నడినెత్తి దాకా లేచింది. అడుగున కాటుక నలుపు, పైన ఎండకు వెండిలా మెరుపు. ఉద్యోగమంతా దాని సోదరుల కదలికలు రాసిన మనిషి, పెద్దల ఎదుట నిలబడినట్టు చేతులు కట్టుకుని నిలబడిపోయారు.

ఫోన్ మోగింది. “బట్టలు ఆరెయ్యనా అమ్మా?”

“వద్దత్తయ్యా. ఉన్నవి కూడా తీసెయ్యండి.”

అవతల నుంచి బెదిరిన గొంతు వినిపించింది. “ఒంట్లో బాగానే ఉందా తల్లీ?”

“బహుశా అత్తయ్యా” అన్నారావిడ, మబ్బు మీది నుంచి చూపు తిప్పకుండానే.