పట్టాలకు అడ్డంగా పరిచిన టేపు

ఎనభైల మొదట్లో నేను విశాఖలో పాలిటెక్నిక్ చదివేదాన్ని. పట్టాల మధ్య దూరం కొలవడం నేర్పడానికి మా సార్ మమ్మల్ని దువ్వాడ దగ్గర లైను మీదకు తీసుకెళ్లారు. నేనూ నా స్నేహితురాలూ రెండు పట్టాలకూ అడ్డంగా ఇనుప టేపు వేసి నొక్కి పట్టుకున్నాం. అంతలో ఎలమంచిలి వైపు నుంచి వచ్చిన ప్యాసింజరు కాస్త దూరంలో ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగింది.

"బండి ఆగిందిగా, ఈలోగా కొలత కానివ్వండి" అన్నారు సార్.

పెట్టెలోంచి ఒకతను దిగి పరుగెత్తుకొచ్చాడు. "బాబూ, మా ఆడదానికి నొప్పులొచ్చీసినాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్తన్నాను. బండెందుకు ఆగిపోనాదో సూడండి బాబూ!"

"సిగ్నల్ ఇవ్వందే కదలదయ్యా, మేమేం చెయ్యగలం?" అన్నారు సార్.

ఆమె కేకలు మాదాకా వినిపిస్తున్నాయి. ఏం చేయాలో తోచక నేను టేపును ఇంకా గట్టిగా నొక్కాను.

ఇంతలో సిగ్నల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి టేపు లాగేశాడు. వెంటనే సిగ్నల్ పచ్చగా మారింది. పట్టాల్లో కొద్దిపాటి కరెంటు పారుతుందట. రెండు పట్టాలనూ ఇనుము కలిపితే, లైను మీద బండి ఉన్నట్టే లెక్కై సిగ్నల్ ఎర్రగా ఉండిపోతుందట.

అతను పరుగున వెళ్లి పెట్టె ఎక్కాడు. బండి మా ముందు నుంచే వెళ్లిపోయింది. ఆ తల్లీబిడ్డా ఏమయ్యారో కనుక్కునే దారే లేకపోయింది. ఏ బండి సిగ్నల్ దగ్గర ఆగినా, ఇప్పటికీ చూపు ముందు నా చేతుల మీదకే పోతుంది.