చేపల పులుసులో కారియా

కారియా గురించి మన భాషలో ఎవరైనా రాయగా నేను చూడలేదు. అందుకే ఆ దేశపు పటానికి గల్ఫ్‌లోని నిజ్వాలో, మా రూమ్‌లో పట్టిన గతి రాసిపెడుతున్నాను.

ఇప్పటి టర్కీకి నైరుతి మూలన ఉండేది కారియా. ఉత్తరాన వంకరలు తిరిగే మియాండర్ నది, సముద్రపు ఒడ్డున హాలికర్నాసస్, లోపల కొండల నడుమ మైలాసా. తొంభైల మొదట్లో ఇదంతా నేను సొంతంగా చదివి నేర్చుకున్నాను. ఇండియన్ స్కూల్ మాస్టారొకరు తన పేరు మీద లైబ్రరీ పుస్తకం తెచ్చి ఇచ్చారు. అది పాడైతే నా చదువు ఆగినట్టే. దాని చివర మడతపెట్టిన పెద్ద పటం ఉండేది.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి, రూమ్‌వాళ్లు ఆ పటం చింపి నేల మీద పరుచుకుని తింటున్నారు. మైలాసా మీద చేపముళ్ల కుప్ప. పులుసు హాలికర్నాసస్ దాటి సముద్రంలోకి పారుతోంది. ఇదేం పనని అరిచాను.

"రాతలున్న కాయితం మీద తినద్దని నువ్వే అంటివి గదనే అన్నా," అన్నాడు కరీంనగర్ కుర్రాడు. "గందుకే పేపర్ ఇడిసి గీ గీతలది తీసినం."

"సముద్రమే గద, చాపలకు మంచిగుంటది," అని ఇంకొకడు ఎంగిలి వేలు నది మీద పెట్టి నవ్వాడు.

మర్నాడు పుస్తకంతోపాటు తీసుకెళ్లి ఇస్తే, మాస్టారు ఆ పటాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నారు. "మీ రూమ్‌కి ఇక పుస్తకం ఇవ్వనండీ. మా ఇంటికొచ్చి చదువుకోండి," అన్నారు.

శుక్రవారాలు ఆయన వరండాలో కూర్చుని కారియా పూర్తిచేశాను. ఆయనకూ, టీ ఇచ్చిన ఆయన ఇల్లాలికీ నా కృతజ్ఞతలు. ఆ పులుసు తిన్నవాళ్లకు మాత్రం చెప్పను.