కోరపన్నుకీ కంటికీ ఒకటే నరం

మా అత్తగారికి ఎడమ కన్ను కనపడదు. ఎందుకు పోయిందని ఎవరడిగినా ఆవిడ వేలు కంటి మీద పెట్టదు, పైదవడ మీద పెడుతుంది. "ఇక్కడ కోరపన్ను పీకిచ్చుకున్నా. ఆ ఏడాదే కన్ను మసకేసింది. కోరపన్నుకీ కంటికీ ఒకటే నరం" అంటుంది. గురజాలలో మా వీధి వీధంతా ఆ మాట నమ్మింది. సాక్ష్యం ఎదురుగా కూర్చునుంటే నమ్మక ఏం చేస్తారు?

నేనూ నమ్మాను. నా బతుకంతా కళ్ళ మీదే ఉంది. పెళ్ళి జాకెట్లకు మగ్గం పని చేస్తాను. ముందు గదిలో చెక్క చట్రానికి గుడ్డ బిగించి దాని ముందు కూర్చున్నానంటే జరీ దారం, పూసలు, సూది తప్ప ఇంకేమీ కనపడవు. కత్తెర పక్కనే ఉన్నా దారాన్ని పంటితో కొరకడం మా పనివాళ్ళలో చాలామందికి ఉన్న చెడ్డ అలవాటు. నేను కొరికేది కుడివైపు పై కోరపన్నుతో.

ఆ పన్నే జివ్వుమనడం మొదలుపెట్టింది. మొదట చల్లటి నీళ్ళకి, తరువాత వేడి కాఫీకి, చివరికి ఏమీ తగలకపోయినా. పడుకుంటే పోటు, లేచి కూర్చుంటే కాస్త నయం. లవంగం అదిమిపెట్టాను, జామాకులు నమిలాను, ఉప్పునీళ్ళు పుక్కిలించాను. మందుల కొట్టు నుంచి మాత్రలు తెప్పించుకున్నాను. మాత్ర పనిచేసినంతసేపూ మనిషిని. దాని బలం తగ్గగానే నా ముందుకి ఎవరొచ్చినా కరిచేలా ఉండేదాన్ని.

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళదామని మా ఆయనతో అన్నాను. బట్టల కొట్టులో ఎంత మొండి బేరగాళ్ళచేతైనా చీర కొనిపించి పంపే మనిషి, ఇంట్లో మాత్రం తల్లి వైపు చూశారు.

"పోతే ఏం చేస్తాడు? పీకుతాడు. పీకినాక నీ కన్ను పోతే ఎవురు తెచ్చిస్తారే?" అంది అత్తగారు. "నువ్వు కుట్టేది కంటితోనా, పంటితోనా?"

పక్కింటి పిన్ని ఓదార్చడానికని వచ్చి, "మీ అత్తని చూసి కూడా పోతానంటావేందమ్మా! చానా మొండిదానివే" అని ఇంకాస్త బిగించి వెళ్ళింది.

అది పెళ్ళిళ్ళ కాలం. ఒప్పుకున్న జాకెట్లు పక్కన పేరుకుపోయి ఉన్నాయి. గడప దగ్గర అత్తగారు దీపానికి వత్తులు చేసుకుంటూ కూర్చునేది, మధ్య మధ్య నా ముఖం చూసేది. బుగ్గ పట్టుకుంటే చాలు, లేచి వేడినీళ్ళ గుడ్డ తెచ్చి కాపడం పెట్టేది. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆవిడ గయ్యాళి అయ్యుంటే ఎదురు తిరిగి పోట్లాడి బస్సెక్కేదాన్ని. నా కళ్ళ మీద ప్రేమతోనే నన్ను కూర్చోబెట్టింది, ఆ ప్రేమను దాటి వెళ్ళే దారి నాకు దొరకలేదు. పన్ను ఉంచుకుంటే నరకం, తీయించుకుంటే చీకటి. ఈ రెంటి మధ్య కూర్చుని పరాయివాళ్ళ పెళ్ళిళ్ళకు నెమళ్ళు కుట్టాను.

ఒకరోజు నొప్పి పోయింది. తగ్గడం కాదు, పూర్తిగా పోయింది. కాఫీ కుడివైపు పుక్కిట పట్టి మరీ తాగాను, పిచ్చి సంతోషం నాది. "చూశావా, ఓర్చుకుంటే దాని దోవన అదే పోయింది" అని అత్తగారు ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది.

ఆ వారం తిరగకముందే ఓ పొద్దున లేచేసరికి కుడి కన్ను తెరుచుకోలేదు. అద్దంలో చూసుకుంటే ముక్కు పక్క నుంచి కింది రెప్ప దాకా వాచి, చర్మం నున్నగా మెరుస్తోంది. ఒళ్ళు కాలిపోతోంది. వేళ్ళతో రెప్ప విడదీయబోతే ప్రాణం పోయినంత పనైంది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"పీకించుకోకుండానే పోయింది చూడండి అత్తయ్యా! ఇంకా దేనికి భయపడాలి నేను?" అని అరిచాను.

మా ఆయన ఆ పూట ఎవరి వైపూ చూడకుండా కారు పిలిచారు. నరసరావుపేటలో పళ్ళ డాక్టరు దగ్గరికి చేరేదాకా అత్తగారు నా చెయ్యి వదల్లేదు. తోడు వచ్చింది నా కోసమే అయినా, డాక్టరు పీకబోతే అడ్డుపడాలన్న ఆలోచన కూడా ఉందని నాకు తెలుసు.

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ముందు నా రెప్పను మెల్లగా ఎత్తి, వేళ్ళు చూపించి ఎన్నో చెప్పమంది. చెప్పాను. "చూపు బాగుంది. వాపు వల్ల మూసుకుంది, అంతే" అంది. అప్పుడు ఏడ్చాను.

"నొప్పి రెండు రోజులు దాటగానే రావాలండి. మీకు అది బాగై తగ్గలేదు, లోపల నరం చచ్చిపోయి తగ్గింది. చీము పైకి పాకింది. వాపు, జ్వరం కనపడితే ఆ రోజే పరిగెత్తి రావాలి. కంటి దాకా వచ్చాక ఇంకా ఆగితే ప్రాణానికే ముప్పు. మొదట్లో వచ్చుంటే పన్ను దక్కేది."

పీకింది. మత్తు సూది వల్ల నాకు లాగినట్టు తెలిసింది తప్ప నొప్పి తెలియలేదు. అత్తగారు అడ్డుపడలేదు. గోడకు ఆనుకుని, నా కంటినే చూస్తూ నిలబడింది.

"ఈమెక్కూడా కన్ను పోద్దేమోనమ్మా, నాకు మల్లే" అంది చివరికి.

"పంటికీ చూపుకీ ఒకే నరం ఉండదు మామ్మగారూ. మీకు షుగర్ ఉందా?"

"ఉంది. ఎప్పటినుంచో."

"కన్ను దానివల్ల పోయి ఉండొచ్చు. రెండో కన్ను ఎవరికైనా చూపిస్తున్నారా?"

అత్తగారు తడబడింది. "ఈ మధ్యన అదీ మసకేస్తంది. ఎవురికీ చెప్పలా. దానికేం కాదులే అనుకున్నా." ఆవిడ కుడి బుగ్గ మీద చెయ్యి పెట్టుకుంది. "ఈ పక్క పళ్ళు ఎంత సలిపినా ఒక్కటి కూడా పీకిచ్చుకోకుండా కాపాడుకుంటా వచ్చా గదమ్మా."