రంగు పట్టేసిన కిటికీలు

ఆ బడిలో పిల్లలు ఆయన్ని రిపేర్ల తాత అంటారు. టీచర్లూ, హెడ్మాస్టరూ కూడా అంతే. పని ఆయనకి ఎవరూ నేర్పలేదు. విరిగిన బెంచీలు విప్పి చూసి, మళ్లీ బిగించి, వేళ్లు కోసుకుని నేర్చుకున్నాడు. ముప్పై ఏళ్లలో తను కొట్టిన మేకు తగిలి ఏ పిల్లాడి చొక్కా చిరగలేదని ఆయన గర్వం. ఎవరైనా ఎదురుగా గొప్పలు చెప్పుకుంటుంటే, "ముందు ఆ తలుపు కిర్రుమనకుండా చేసి చూపించు, తర్వాత వింటా" అనేవాడు.

మహమ్మారి భయంతో ఏడాదిన్నర మూతపడ్డ బడిని తెరవమని పైనుంచి కాగితం వచ్చింది. ప్రతి గదిలో గాలి ఆడాలి, కిటికీలు తెరిచి ఉంచాలి అని అందులో రాసుంది. హెడ్మాస్టరు అది చదివి వినిపించి, "సోమవారం తనిఖీ. రెండ్రోజులే ఉంది తాతా. చూడగానే బడి కొత్తగా కనబడాలి" అన్నాడు.

ముందు భవనానికే రోజున్నర పట్టింది. కుళాయిలు మార్చాడు, జారుడు కిటికీలకి నూనె పెట్టాడు, ఒక్కో బెంచీకి ఒక్కరే కూర్చునేలా దూరం జరిపాడు. చివరికి వెనక గది మిగిలింది. ఫోన్లు లేక ఇంట్లో పాఠాలు వినలేకపోయిన పిల్లలందరినీ ఒకచోట చేర్చి, పోయిన చదువు చెప్పడానికి ఆ గది ఇచ్చారు. మొత్తం నలభై ముగ్గురు. బెంచీకి ముగ్గురేసి. ఇదేం లెక్క అని తాత అడగలేదు. గదులు పంచడం తన పని కాదనుకున్నాడు.

ఆ గది కిటికీలు పాతకాలం చెక్కవి. వానలకి ఉబ్బి నాలుగింటి రెక్కలూ బిగుసుకుపోయాయి. అంచులు చిత్రిక పట్టాలి, రంగు వెయ్యాలి, తడి ఆరేదాకా రెక్కల్ని ఓరగా తెరిచి ఉంచాలి. అదీ పద్ధతి. ఎంతమందికో ఆయన నోటితోనే చెప్పిన పద్ధతి. కానీ అప్పటికి చేతిలో ఉన్నది మూడు గంటలు. రెక్కలు మూసి ఉండగానే చట్రంతో కలిపి ఆకుపచ్చ రంగు రెండు పూతలు వేసేశాడు. ఒక్క చుక్క కారలేదు. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని తనే ముచ్చటపడ్డాడు.

తనిఖీకొచ్చిన ఆఫీసరు గుమ్మంలోనే నిలబడి లెక్కపెట్టి, "కిటికీలు నాలుగు" అని రాసుకున్నాడు. ఒక్కదాన్నీ తోసి చూడలేదు.

బుధవారం ఆయా వచ్చింది. ఆ బడి ఊడ్చే మనిషి, ఇరవై ఏళ్లుగా తాతని అన్నయ్యా అని పిలుస్తూ ఆటపట్టించే మనిషి. ఆమె కూతురి కూతురు ఆ వెనక గదిలోనే కూర్చుంటుంది.

"అన్నయ్యా, అది తరగతి గదా, ఆవిరి పట్టే గిన్నా? ఊపిరాడక పిల్లలు మాస్కులు గడ్డం కిందికి లాగేసుకుంటున్నారు. ఆ కిటికీలు తియ్యి."

"రంగు పట్టేసింది. ఇప్పుడు లాగితే పెచ్చులు లేస్తాయి. బాగా ఆరనీ, ఆదివారం కోసి తీస్తా."

"లేస్తే లేవనీ. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను."

"అబ్బో. నీ కిటికీలేమన్నా ఫొటో దిగాలా?"

"నీ మనవరాలి కోసం నా రంగు పాడుచేసుకోమంటావా?" అన్నాడు తాత, నవ్వుతూనే.

ఆమె కూడా నవ్వింది. "సరేలే మహానుభావా, ఆదివారమే" అని చీపురు భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

ఆ ఆదివారం ముందు భవనంలో పైపు పగిలింది. ఆయన దాని దగ్గరే ఉండిపోయాడు. ఇంకో ఆదివారం చూద్దాంలే అనుకున్నాడు. ఈలోగా గురువారం నాటికి ముందు భవనంలో ఇద్దరు పిల్లలు, వెనక గదిలో పదకొండుమంది జ్వరంతో మంచం పట్టారు. బడి మళ్లీ మూశారు.

పిల్లలందరూ కోలుకున్నారు, ఆయా మనవరాలితో సహా. ఒకే గది ఉన్న ఇంట్లో మనవరాలి పక్కనే కూర్చుని నుదుటిన తడిగుడ్డ వేసిన ఆయా కోలుకోలేదు. ఆస్పత్రిలో మంచం దొరకడానికే రెండ్రోజులు పట్టింది. తొమ్మిదో రోజున పోయింది.

ఆ వార్త విన్న మధ్యాహ్నం తాత ఖాళీ బడికి వెళ్లి, ఉలి, సుత్తి పట్టుకుని వెనక గదిలో నిలబడ్డాడు. ఏ పని మొదలుపెట్టినా గడియారం చూసుకోవడం ఆయన అలవాటు. నాలుగు కిటికీలూ తెరుచుకునేసరికి మళ్లీ చూశాడు. పన్నెండు నిమిషాలు. చొక్కా నిండా ఆకుపచ్చ పెచ్చులు. అవి దులుపుకోకుండానే పిల్లల బెంచీ మీద కూర్చున్నాడు.

వారం ఆగి, సంచీ భుజాన వేసుకుని ఆయా ఇంటికి వెళ్లాడు. కూతురు ఎదురొచ్చింది. కిటికీల సంగతి ఉన్నదున్నట్టు ఆమెకి చెప్పాడు. అమ్మ అడిగిందనీ, తను రంగు చూసుకున్నాననీ.

"ఊరంతా జ్వరాలే కదా మావయ్యా" అంది ఆమె. "బస్సులో అంటిందో, బజార్లో అంటిందో. నువ్వెందుకు నెత్తిన వేసుకుంటావు?"

ఆమె తిడుతుందనుకుని వచ్చాడాయన. తిడితే ఎలా నిలబడాలో కూడా ఆలోచించుకున్నాడు.

మూల కూర్చుని బొమ్మ గీసుకుంటున్న మనవరాలు తలెత్తింది. "అమ్మమ్మ అడిగిన రోజే తీసేస్తే బాగుండేది తాతా."

"ఊరుకోవే" అని తల్లి కసిరింది.

"దాన్నేమీ అనకు" అన్నాడు తాత. "అవునమ్మా. తీసేస్తే బాగుండేది."

ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే కిటికీ. మూసి ఉంది. తెరవలేదేమని అడిగితే, వానకి ఉబ్బి రావట్లేదని చెప్పింది కూతురు. ఆయన సంచీ విప్పి, రెక్కలు ఊడదీసి, గుమ్మం ముందు కూర్చుని అంచులు చిత్రిక పట్టడం మొదలుపెట్టాడు. పిల్ల వచ్చి పక్కన కూర్చుని చెక్క పొట్టు ఏరుకుంది. రెక్కలు మళ్లీ బిగించి, నాలుగైదుసార్లు తెరిచి మూసి చూశాడు. అది ఎంతసేపటి పనో ఆ రోజు ఆయన చూసుకోలేదు.